పాజిటివ్ అని తేలితే సరిపోదు: కోళ్ల వైరస్ జబ్బుల్లో జన్యు పరీక్ష చెప్పేది, చెప్పలేనిది

చచ్చిన కోడిని కోసి చూస్తే ప్రొవెంట్రిక్యులస్ (జీర్ణరసాలు ఊరే మొదటి పొట్ట) లోపలి పొర మీద, గ్రంథుల మొనల దగ్గర, ఎర్రటి రక్తపు చుక్కలు కనిపిస్తాయి. అనుభవమున్న ఫారం సూపర్‌వైజర్ నోటి నుంచి వెంటనే వచ్చే మాట ‘రాణిఖేత్’. పల్లెల్లో కొక్కెర తెగులు అంటారు. ఆ మాట చాలాసార్లు నిజమే అవుతుంది. కానీ అదే చోట అవే చుక్కలు తీవ్రమైన బర్డ్ ఫ్లూలోనూ వస్తాయి. గంబోరో అనే మరో వైరస్ జబ్బులో ప్రొవెంట్రిక్యులస్, గిజ్జర్డ్ (కందనకాయ) కలిసే దగ్గర ఎర్రటి పట్టీలా కనిపిస్తాయి. మెడ తిరిగిపోవడం, ఆకుపచ్చగా పారడం, ముఖం వాయడం, గుడ్లు ఒక్కసారిగా తగ్గిపోవడం, వీటిలో ఏదీ ఒక్క వైరస్‌కే పరిమితం కాదు. కంటితో చూసి అనుమానపడొచ్చు గానీ తేల్చలేం. తేల్చాలంటే వైరస్ జన్యువును చదవాలి.

రాణిఖేత్, బర్డ్ ఫ్లూల మధ్య తేడా తేలడం మీద రైతు సంవత్సరం ఆధారపడి ఉంటుంది. రాణిఖేత్ అయితే టీకా షెడ్యూలు సరిచూసుకోవాలి, మిగిలిన షెడ్లను కాపాడుకోవాలి. ఎంత నష్టం వచ్చినా ఫారం నడుస్తుంది. బర్డ్ ఫ్లూ అయితే కిలోమీటరు పరిధిలో ఉన్న కోళ్లన్నిటినీ ప్రభుత్వమే చంపించి పూడ్పిస్తుంది, 10 కిలోమీటర్ల వరకు నిఘా పెడుతుంది. పరిహారం అలా చంపించిన కోళ్లకే వస్తుంది, అప్పటికే చచ్చిపోయినవాటికి రాదు. రిజల్ట్ రెండు రోజులు ఆలస్యమైతే ఆ రెండు రోజుల్లో పోయిన కోళ్లన్నీ రైతు ఖాతాలోనే పడతాయి. అంతకంటే పెద్ద ముప్పు, ఆ రెండు రోజులూ మేత లారీలు, గుడ్ల ట్రేలు, కూలీలు పక్క ఫారాలకు తిరుగుతూనే ఉండటం.

బెంగళూరు చుట్టుపక్కల ఈ సమస్యకు ఒక ప్రత్యేకత ఉంది. నగరానికి వచ్చే చికెన్, గుడ్లు కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల నుంచి, సరిహద్దు దాటి హోసూరు, కృష్ణగిరి, చిత్తూరు వైపుల నుంచి వస్తాయి. ముళబాగిలు, శ్రీనివాసపుర, చింతామణి, బాగేపల్లి తాలూకాల్లో షెడ్లు వేసినవాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. పిల్ల ఒక రాష్ట్రంలో పొదిగి, మేత ఇంకో రాష్ట్రం నుంచి వచ్చి, పెరిగిన కోడి మూడో రాష్ట్రంలో అమ్ముడుపోవడం ఇక్కడ మామూలే. ఉగాది మర్నాడు వర్షతొడకుకు ఒక్క రోజులో బెంగళూరు తినే చికెన్ కోసం ముందు వారమంతా ఈ రోడ్ల మీద కోళ్ల బండ్లు తిరుగుతూనే ఉంటాయి. వైరస్ కూడా ఈ బండ్ల మీద ప్రయాణించగలదు. దాన్ని పట్టుకోవాల్సిన వ్యవస్థ మాత్రం జిల్లాలవారీగా, రాష్ట్రాలవారీగా విడిపోయి ఉంది.

అయినా పరీక్షల విషయంలో ఈ ప్రాంతం అదృష్టం చేసుకున్నదే. హెబ్బాళలో పశు ఆరోగ్య, పశువైద్య జీవ ఉత్పత్తుల సంస్థ ఉంది. దక్షిణాది రాష్ట్రాల కోసం కేంద్రం ఏర్పాటు చేసిన ప్రాంతీయ వ్యాధి నిర్ధారణ ల్యాబు కూడా ఆ ఆవరణలోనే ఉంది. అలాంటివి దేశంలో మరో నాలుగే, పుణె, కోల్‌కతా, జలంధర్, గువాహటిలో. హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఆ దగ్గర్లోనే. యలహంక వైపు వెళ్తే పశువ్యాధుల వ్యాప్తిని లెక్కగట్టే జాతీయ సంస్థ నివేది ఉంది. బర్డ్ ఫ్లూ అనుమానం వస్తే మాత్రం తుది మాట భోపాల్‌లోని నిషాద్‌ది, అంటే హై సెక్యూరిటీ పశువ్యాధుల జాతీయ సంస్థది. ఇక్కడ ప్రాథమిక పరీక్షలో పాజిటివ్ వచ్చినా అక్కడ ఖరారైతేనే అధికారిక ప్రకటన వస్తుంది.

ల్యాబులు ఎంత బాగున్నా సగం పని షెడ్డులోనే అయిపోతుంది, లేదా చెడిపోతుంది. చాలామంది చేసే పొరపాటు మూడు నాలుగు రోజులుగా నీరసంగా ఉన్న కోడిని, లేదా పొద్దుటి నుంచి ఎండలో పడి ఉన్న కళేబరాన్ని సంచిలో వేసి తేవడం. వైరస్ ఎక్కువగా ఉండేది జబ్బు మొదలైన తొలి రోజుల్లో. ఆ తర్వాత కోడి బతికి ఉన్నా వైరస్ తగ్గిపోతుంది. కుళ్లిన కణజాలంలో ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుంది. అప్పుడే ముడుచుకుని కూర్చున్న కోళ్లను, గంట క్రితం చచ్చినవాటిని ఎంచుకోవాలి. గొంతులో స్వాబ్ తిప్పి ఒక నమూనా, వెనక క్లోకాలో (రెట్ట వచ్చే ద్వారంలో) తిప్పి ఇంకో నమూనా తీయాలి. ఊపిరి సంబంధమైన వైరస్ గొంతులోనే దొరకొచ్చు, పేగుల్లో ఉన్నది క్లోకాలోనే దొరకొచ్చు. కర్ర పుల్లకు చుట్టిన దూది స్వాబ్ పనికిరాదు. కర్రలోని పదార్థాలు పరీక్షలోని ఎంజైమును అడ్డుకుంటాయి. ప్లాస్టిక్ పుల్ల, సింథటిక్ కొన ఉండాలి. ఆ కొనను ట్రాన్స్‌పోర్ట్ మీడియం (నమూనా చెడకుండా ఉంచే ద్రవం) ఉన్న ట్యూబులో విరిచి వదిలి, మూత బిగించి, ఐస్ ప్యాకుల మధ్య 2 నుంచి 8 డిగ్రీల్లో పంపాలి. ఇంట్లో ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించి, దారిలో కరిగించి, మళ్లీ గడ్డకట్టిస్తే ఆర్‌ఎన్‌ఏ దెబ్బతింటుంది. బర్డ్ ఫ్లూ అనుమానం ఏ కొంచెం ఉన్నా ఫారంలో కోడిని కోయకూడదు. పశువైద్యుడికి చెప్పి, ఆయన చేతే నమూనా తీయించాలి.

వీటన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది నమూనాతో పాటు పంపే కాగితం. కోళ్ల వయసెంత, ఏ టీకా ఏ రోజున వేశారు, నీళ్లలో ఇచ్చారా, కంట్లో చుక్క వేశారా, ఇంజెక్షనా, మోర్టాలిటీ (చావులు) ఏ రోజు నుంచి పెరిగింది అన్న వివరాలు లేకుండా వచ్చిన ట్యూబును ల్యాబు పరీక్ష చేయగలదు. కానీ ఆ ఫలితానికి అర్థం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలియాలంటే పరీక్ష ఎలా జరుగుతుందో కొంచెం చూడాలి.

ట్యూబులోని ద్రవంలో కోడి కణాలు, బ్యాక్టీరియా, రెట్టలోని పిత్త లవణాలు, వైరస్ అన్నీ కలగాపులగంగా ఉంటాయి. ముందు వీటి నుంచి జన్యు పదార్థాన్ని వేరుచేసి శుభ్రం చేస్తారు. కోళ్లను పీడించే పెద్ద వైరస్‌లలో చాలావాటి జన్యువు ఆర్‌ఎన్‌ఏ. పీసీఆర్ పనిచేసేది డీఎన్‌ఏ మీద. అందుకని రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైముతో ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ ప్రతి తయారు చేస్తారు. ఆ తర్వాత పీసీఆర్. 1983లో కారీ మల్లిస్ ఆలోచించిన, 1993లో ఆయనకు నోబెల్ తెచ్చిపెట్టిన పద్ధతి ఇది. వెతుకుతున్న వైరస్‌కు మాత్రమే అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలను, అంటే ప్రైమర్లను, కలిపి వేడిచేస్తూ చల్లబరుస్తూ పోతే ప్రతి రౌండుకూ ఆ భాగం రెట్టింపవుతుంది. ఒక్క ప్రతితో మొదలైనా 30 రౌండ్లు పూర్తయ్యేసరికి లెక్క ప్రకారం వంద కోట్లు దాటుతుంది. రియల్ టైమ్ యంత్రంలో ప్రతి రౌండులోనూ వెలుగు ఎంత పెరిగిందో తెర మీద గీతగా కనిపిస్తుంది. కొంతసేపు నేలకు అంటుకుని సాగిన గీత ఒక దగ్గర పైకి లేస్తుంది. అది ఎన్నో రౌండులో హద్దు దాటిందో అదే సీటీ విలువ.

సీటీ తక్కువైతే వైరస్ ఎక్కువ. మూడు మూడున్నర రౌండ్ల తేడా అంటే వైరస్ పరిమాణంలో సుమారు పది రెట్ల తేడా. 18 వచ్చిన నమూనాకూ 36 వచ్చిన నమూనాకూ రిపోర్టులో ఒకే మాట రాస్తారు: పాజిటివ్. కానీ మొదటిది ఊపిరితిత్తుల నిండా వైరస్ ఉన్న కోడి. రెండోది పది రోజుల క్రితం వేసిన టీకా తాలూకు శేషం కావచ్చు, తగ్గిపోతున్న ఇన్ఫెక్షన్ కావచ్చు, పక్క ట్యూబు నుంచి ల్యాబులో ఎగిరిపడ్డ తుంపర కూడా కావచ్చు. అందుకే మంచి ల్యాబుల్లో నమూనా తెరిచే గది, మిశ్రమం కలిపే గది, యంత్రం ఉండే గది విడివిడిగా ఉంటాయి. వైరస్ లేదని ముందే తెలిసిన నమూనాను కూడా ప్రతిసారీ పక్కన పెట్టి నడుపుతారు. అందులో గీత లేస్తే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టాల్సిందే. రైతుకు ఇచ్చే రిపోర్టులో పాజిటివ్ అన్న మాట పక్కన సీటీ సంఖ్య కూడా రాయడం తప్పనిసరి చేయాలి. ఇది ఖర్చు లేని పని, యంత్రం ఎలాగూ చూపిస్తుంది.

ఇక అసలు చిక్కు టీకా దగ్గర మొదలవుతుంది. రాణిఖేత్‌కు మన ఫారాల్లో వాడే ఎఫ్ స్ట్రెయిన్, లసోటా, ఆర్2బీ, ఇవన్నీ బతికున్న వైరస్‌లే. బలహీనమైనవైనా కోడిలో పెరుగుతాయి, గొంతులోనూ రెట్టలోనూ బయటికి వస్తాయి. నీళ్లలో లసోటా ఇచ్చిన షెడ్డులో కొన్ని రోజులకు స్వాబ్ తీస్తే రాణిఖేత్ పాజిటివ్ రావడం సహజం. అప్పుడు కోళ్లు వేరే కారణంతో చస్తున్నా రిపోర్టు మాత్రం రాణిఖేత్ అనే చెబుతుంది. రైతు మళ్లీ లసోటా వేస్తాడు, చచ్చేవి చస్తూనే ఉంటాయి. టీకా తేదీ కాగితం మీద ఎందుకు రాయాలో ఇక్కడ అర్థమవుతుంది.

టీకా వైరస్‌నూ ఫీల్డు వైరస్‌నూ (బయటి నుంచి సోకినదాన్ని) విడదీసే కీలకం రాణిఖేత్ వైరస్‌లోని ఎఫ్ జన్యువులో ఉంది. ఎఫ్ స్ట్రెయిన్ టీకా పేరుకూ దీనికీ సంబంధం లేదు. ఈ వైరస్ జన్యువు పొడవు సుమారు 15,200 అక్షరాలు. అందులో ఎఫ్ ప్రోటీన్‌ను తయారుచేసే భాగంలో, 112 నుంచి 117 వరకు ఉన్న ఆరు అమైనో ఆమ్లాల (ప్రోటీన్‌ను కూర్చే ముక్కల) దగ్గర, జబ్బు తీవ్రత చాలావరకు నిర్ణయమవుతుంది. ఎఫ్ ప్రోటీన్ రెండుగా తెగితేనే వైరస్ కణంలోకి చొరబడగలదు. లసోటాలో ఆ చోట వరుస ఇలా ఉంటుంది: గ్లైసిన్, ఆర్జినిన్, గ్లుటమిన్, గ్లైసిన్, ఆర్జినిన్, చివర్న ల్యూసిన్. దీన్ని కోయగల ఎంజైములు గొంతులోనూ పేగులోనూ మాత్రమే ఉంటాయి, కాబట్టి వైరస్ అక్కడికే పరిమితమవుతుంది. తీవ్రమైన వైరస్‌లో అదే చోట ఆర్జినిన్, లైసిన్ గుంపుగా చేరి, 117వ స్థానంలో ఫెనైల్ అలనిన్ ఉంటుంది. ఈ వరుసను కోసే ఫ్యూరిన్ అనే ఎంజైము శరీరంలో దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుంది. వైరస్ మెదడుకు, ప్లీహానికి, గుడ్ల సంచికి ఎక్కడికైనా పోతుంది. మెడలు తిరిగిపోవడానికి మూలం ఆ రెండు మూడు అమైనో ఆమ్లాల మార్పే. 113 నుంచి 116 వరకు కనీసం మూడు ఆర్జినిన్ లేదా లైసిన్‌లు, 117లో ఫెనైల్ అలనిన్ ఉంటే దాన్ని తీవ్రమైన న్యూకాజిల్ వ్యాధిగా పరిగణించాలని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నిర్వచనం. న్యూకాజిల్ అన్నా రాణిఖేత్ అన్నా ఒకటే. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో, ఆ వెంటనే మన కుమావూఁ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించారు కాబట్టి రెండు పేర్లు నిలిచాయి.

ఈ ఆరింటిని చదివితే చాలని అనిపిస్తుంది. విదేశీ పుస్తకాల్లో చాలావరకు అంతటితో ఆపేస్తారు కూడా. మన దేశంలో అది చాలదు. కారణం ఆర్2బీ. ముక్తేశ్వర్‌లో తయారైన ఈ టీకా కొంచెం ఘాటైనది. తొలి టీకాలు పడ్డ తర్వాత, ఆరేడు వారాలు దాటిన కోళ్లకు ఇంజెక్షనుగా వేస్తారు. దీని ఎఫ్ ప్రోటీన్‌లో కోత పడే చోట తీవ్రమైన వైరస్‌కు ఉండే వరుసే ఉంటుంది. అంటే ఆర్2బీ వేసిన షెడ్డులో నమూనా తీసి, ఆ చిన్న భాగం మాత్రమే చదివితే ‘తీవ్రమైన రాణిఖేత్’ అని తేలుతుంది. లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారం వాళ్లు ఆర్2బీ వేసిన వారం తర్వాత కొన్ని కోళ్లు నలతగా ఉన్నాయని నమూనా పంపితే ఏం జరుగుతుందో ఊహించొచ్చు. ఇక్కడ ఎఫ్ జన్యువును మొత్తంగా చదివి, ఏ జీనోటైప్ (జన్యు వరుసల పోలికను బట్టి విడదీసిన ఉపరకం) అని తేల్చాలి. లసోటా, ఎఫ్ స్ట్రెయిన్ రెండో జీనోటైపుకు చెందినవి. ఆర్2బీ మూడోది. మన ఫారాల్లో విరుచుకుపడే ఫీల్డు వైరస్‌లలో తరచుగా కనిపించేవి పదమూడు, ఏడు. జీనోటైప్ దాకా వెళ్లని రాణిఖేత్ రిపోర్టును అసంపూర్ణ రిపోర్టుగానే చూడాలి.

బర్డ్ ఫ్లూ పరీక్షలో మెట్లు వేరు. ఇన్‌ఫ్లూయెంజా ఎ వైరస్ జన్యువు ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. ముందు ఎమ్ అనే జన్యువును వెతుకుతారు, ఎందుకంటే అది అన్ని ఫ్లూ ఎ వైరస్‌లలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. అది దొరికితే హెచ్5నా, హెచ్7నా, హెచ్9నా అని చూస్తారు, ఆపై ఎన్ రకం. హెచ్ అంటే హీమాగ్లుటినిన్, ఎన్ అంటే న్యూరామినిడేజ్, రెండూ వైరస్ పైపొర మీది ప్రోటీన్లు. ఆ తర్వాత హీమాగ్లుటినిన్ కోతపడే చోటు చదువుతారు. రాణిఖేత్‌లో చెప్పిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: తక్కువ తీవ్రత ఉన్నదానిలో కోత దగ్గర ఒక్క ఆర్జినిన్, ఎక్కువ తీవ్రత ఉన్నదానిలో ఆర్జినిన్, లైసిన్‌ల వరుస. రెండు వేర్వేరు కుటుంబాల వైరస్‌లు ఒకే ఉపాయానికి చేరుకున్నాయి. ప్రొవెంట్రిక్యులస్ మీద ఒకేలాంటి చుక్కలు రావడానికి కారణం కూడా ఇదే.

అంతవరకూ ఒక్కో నమూనాకు సంబంధించిన సంగతి. వరుస మొత్తం చదివినప్పుడు ఇంకో విషయం బయటపడుతుంది: ఈ వైరస్ ఎక్కడిది? మన దేశంలో హెచ్5ఎన్1 తొలిసారి బయటపడింది 2006 ఫిబ్రవరిలో, మహారాష్ట్రలోని నవాపూర్‌లో. అది 2.2 అనే శాఖకు చెందినది. తర్వాత 2.3.2.1 శాఖ వచ్చింది, ఆపైన 2.3.4.4బి. ఈ చివరిది వలస పక్షులతో ఖండాలు దాటింది. బెంగళూరుకు కూడా ఈ జబ్బు కొత్త కాదు. 2012 అక్టోబరులో హెసరఘట్టలోని కేంద్ర పౌల్ట్రీ అభివృద్ధి సంస్థలో టర్కీ కోళ్లకు హెచ్5ఎన్1 సోకింది. 2018 జనవరిలో దాసరహళ్లిలో హెచ్5ఎన్8 బయటపడింది. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ఫారాల్లో బర్డ్ ఫ్లూ ఖరారైంది. ఆ నెలాఖరుకే చిక్కబళ్లాపుర తాలూకా వరదహళ్లిలో, బళ్లారి జిల్లా కురెకుప్పలో తేలింది. గోదావరి జిల్లాల వైరస్‌కూ చిక్కబళ్లాపుర వైరస్‌కూ చుట్టరికం ఉందా, లేక వలస పక్షుల నుంచి విడివిడిగా దిగాయా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది పూర్తి జన్యు వరుస ఒక్కటే. జవాబును బట్టి చేయాల్సిన పని కూడా మారిపోతుంది. బండ్ల ద్వారా వచ్చిందని తేలితే రోడ్డు మీద, ట్రేల శుభ్రత మీద పట్టు బిగించాలి. పక్షుల ద్వారా అని తేలితే చెరువుల పక్కన ఉన్న షెడ్లకు వల కట్టించాలి, తాగునీటిని క్లోరిన్‌తో శుద్ధి చేయించాలి.

హెచ్9ఎన్2 వేరే సంగతి. ఇది తక్కువ తీవ్రత ఉన్న ఫ్లూ, మన ఫారాల్లో పాతుకుపోయింది. ఒంటరిగా వస్తే గుడ్లు తగ్గుతాయి, కొద్దిగా గురక వస్తుంది, అంతే. ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే ఊపిరి జబ్బుతోనో, ఈ.కోలై బ్యాక్టీరియాతోనో కలిసి వస్తే మాత్రం మోర్టాలిటీ భయపెట్టే స్థాయికి పోతుంది. ఎమ్ జన్యువు పాజిటివ్ అని వినగానే ఊరంతా బర్డ్ ఫ్లూ అని హడలిపోతుంది, హెచ్ రకం తేలేదాకా ఆ టెన్షన్ తప్పదు. అందుకే ఎమ్, హెచ్5, హెచ్9 పరీక్షలు మూడూ ఒకే రోజు, ఒకే ల్యాబులో జరిగేలా చూడటం చాలా అవసరం.

బ్రాంకైటిస్ వైరస్ ఒక కరోనా వైరస్. 2020 కంటే దాదాపు తొంభై ఏళ్ల ముందే, 1931లో, అమెరికాలోని నార్త్ డకోటాలో కోడిపిల్లల్లో ఈ జబ్బును వర్ణించారు. స్పైక్ ప్రోటీన్‌లో ఎస్1 అనే భాగం తరచుగా మారుతుంది. ఆ మార్పును బట్టే రకాలు. హెచ్120 వంటి టీకాలు మాసచూసెట్స్ రకానికి చెందినవి. వేరే రకం వచ్చినప్పుడు ఆ టీకా పూర్తి రక్షణ ఇవ్వదు. మన దేశంలోనే కనిపించే జీఐ-24 అనే శాఖ కూడా ఉంది. లేయర్ కోళ్లలో గుడ్డు పెంకు పలచబడి, తెల్లసొన నీళ్లలా కారుతుంటే, టీకా క్రమం తప్పకుండా వేసినా అలాగే ఉంటే, ఎస్1 చదివించకుండా ఇంకో టీకా కొనడం డబ్బు దండగ.

గంబోరోలో చూడాల్సింది వీపీ2 జన్యువు. నమూనాగా క్లోకా పైన ఉండే బర్సా అనే రోగనిరోధక అవయవాన్ని తీస్తారు. జబ్బు మొదట్లో అది ఉబ్బి, మీద పసుపుపచ్చ జిగురు పొరతో ఉంటుంది. వారం తిరిగేసరికి కుంచించుకుపోతుంది. వీపీ2లో 222, 256, 294, 299 స్థానాల్లో ఉన్న అమైనో ఆమ్లాలను చూస్తే అతి తీవ్ర రకమా, టీకా రకమా అన్నది చాలావరకు తెలుస్తుంది. ఇక్కడ కూడా టీకా వైరస్ బర్సాలో కొన్ని వారాలు నిలిచి ఉంటుంది కాబట్టి, ‘గంబోరో పాజిటివ్’ అన్న రెండు మాటలు ఎవరికీ ఉపయోగపడవు.

డీఎన్‌ఏ వైరస్‌లలో పని కొంత సులువు. 1987లో కరాచీ దగ్గరి అంగారా గోఠ్‌లో మొదలై మన దేశానికి పాకిన జబ్బును ఇక్కడ లీచీ అంటారు. గుండె చుట్టూ సంచిలో లేతపసుపు నీరు నిండి, గుండె ఒలిచిన లీచీ పండులా తేలుతుంటుంది. దీనికి కారణం నాలుగో రకం ఫౌల్ అడినోవైరస్, హెక్సాన్ జన్యువుతో రకం తేలుతుంది. మారెక్స్ (నరాలు దెబ్బతిని గడ్డలు వచ్చే హెర్పిస్ వైరస్ జబ్బు)లో ఈక మొదలు నుంచే నమూనా తీయొచ్చు, కోడిని చంపనక్కర్లేదు. టీకాగా వాడే టర్కీ హెర్పిస్ వైరస్ వేరే వైరసే కాబట్టి విడదీయడం తేలిక.

జన్యు పరీక్ష చెప్పలేనివి కూడా ఉన్నాయి. వైరస్ దొరికింది అనడం వేరు, కోళ్లు దానితోనే చచ్చాయి అనడం వేరు. ఒకే గొంతులో బ్రాంకైటిస్ టీకా, లసోటా, హెచ్9ఎన్2 మూడూ దొరకొచ్చు. కణజాలాన్ని మైక్రోస్కోపు కింద చూడటం, చావులు ఏ క్రమంలో వచ్చాయో చూడటం, రెండు మూడు వారాల తేడాతో తీసిన రక్తంలో యాంటీబాడీలు ఎలా పెరిగాయో చూడటం, ఇవన్నీ కలిస్తేనే కారణం నిలబడుతుంది. నెగటివ్ వచ్చినప్పుడు కూడా జాగ్రత్తగా ఉండాలి. ప్రైమర్ అతుక్కునే చోటే వైరస్ మారిపోతే పరీక్ష దాన్ని చూడలేదు. రాణిఖేత్ ఎఫ్ జన్యువు పరీక్షల్లో కొన్ని జీనోటైపులు ఇలా తప్పించుకున్న సందర్భాలు ఉన్నాయి. టీకా వైరస్‌లు తమలో తాము కలిసిపోవడం ఇంకో సమస్య. ఆస్ట్రేలియాలో ల్యారింగోట్రాకైటిస్ (కోళ్ల గొంతు, శ్వాసనాళపు జబ్బు) టీకా వైరస్‌లు రెండు కలిసి తీవ్రమైన కొత్త వైరస్‌గా మారాయని 2012లో తేలింది. ఒక్క జన్యువునే చదివే పరీక్షలకు అది దొరకడం కష్టం, మొత్తం జన్యువును చదివితేనే బయటపడుతుంది.

మొత్తం జన్యువును చదవడం ఇప్పుడు మునుపటంత పెద్ద పని కాదు. అరచేతిలో పట్టే నానోపోర్ యంత్రాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించి ఒకటి రెండు రోజుల్లో వరుస తీయొచ్చు. 65 డిగ్రీల దగ్గర ఒకే వేడి మీద నడిచే ల్యాంప్ పరీక్ష జపాన్‌లో 2000లో వచ్చింది. దానికి పీసీఆర్ యంత్రమే అక్కర్లేదు, తాలూకా ఆసుపత్రిలోనూ పెట్టొచ్చు. సాధనాలు ఉన్నాయి. లోటు ఎక్కడంటే, చదివిన వరుసలు చేరాల్సినవాళ్లకు సకాలంలో చేరకపోవడంలో. పరిశోధనా వ్యాసంగా అచ్చయ్యేసరికి ఆ బ్యాచ్ పోయి, ఆ తర్వాతి బ్యాచ్‌లు కూడా అమ్ముడుపోయి ఉంటాయి. కాంట్రాక్టు ఫార్మింగులో నమూనా కంపెనీ మనిషి తీసుకెళ్తాడు, రిపోర్టు కంపెనీకే పోతుంది. షెడ్డూ కరెంటు బిల్లూ కష్టమూ తనవే అయినా, తన కోళ్లలో ఏ జీనోటైప్ దొరికిందో రైతుకు తెలియదు. పక్క ఫారం వాడికి అసలే తెలియదు. రైతు పేరు, ఊరు దాచిపెట్టి, జిల్లా, నెల, వైరస్ రకం మాత్రం వారంలోపు మూడు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలకూ చేరే ఏర్పాటు చేస్తే ఎవరి వ్యాపార రహస్యమూ బయటపడదు. చిత్తూరులో దొరికిన రకం పది రోజుల్లో ముళబాగిలులో దొరుకుతుందని ముందే తెలిస్తే, టీకా తేదీలు మార్చుకునేందుకు ఆ పది రోజులు చాలు. దేశంలోకెల్లా ఎక్కువ గుడ్లు ఆంధ్రప్రదేశ్ నుంచి, ఆ తర్వాత తమిళనాడు నుంచి వస్తున్నప్పుడు, ఆ రెండింటి మధ్యలో ఉన్న బెంగళూరు ఈ పనికి సహజమైన కూడలి.

సమాచారం లేని చోట పుకారు నడుస్తుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి వార్త వచ్చిన రోజుల్లో చికెన్ అమ్మకాలు పడిపోయాయి, ధర పడిపోయింది, జబ్బు లేని ఫారాలూ నష్టపోయాయి. మధ్య భాగం దాకా 70 డిగ్రీల వేడి తగిలేలా ఉడికితే ఈ వైరస్ బతకదు, మన వంటలో కూర అంతకంటే ఎక్కువే ఉడుకుతుంది. ప్రమాదం ఎక్కువగా ఉండేది జబ్బు కోడిని పట్టుకునే, కోసే, ఈకలు పీకే చేతులకు. ఆ పని చేసే కూలీలకు గ్లవ్స్, మాస్కు ఇవ్వడం గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు.

కోళ్లను చంపి, పూడ్చి, షెడ్డు కడిగి, సున్నం కొట్టిన తర్వాత మళ్లీ పిల్లల్ని ఎప్పుడు వేసుకోవచ్చన్న ప్రశ్న వస్తుంది. నేల మీద, డ్రింకర్ల మీద, ఫ్యాన్ రెక్కల మీద స్వాబ్‌లు తీసి పరీక్షకు పంపుతారు. ఇక్కడ పీసీఆర్ పాజిటివ్ వస్తే బెంబేలెత్తనక్కర్లేదు. మందు కొట్టినప్పుడు వైరస్ చచ్చినా దాని ఆర్‌ఎన్‌ఏ ముక్కలు కొంతకాలం అక్కడే ఉంటాయి, పీసీఆర్‌కు చచ్చినదీ బతికున్నదీ ఒకటే. బతికి ఉందా లేదా తేలాలంటే ఆ నమూనాను తొమ్మిది నుంచి పదకొండు రోజుల పిండం ఉన్న గుడ్డులోకి ఎక్కించి చూడాలి. బర్డ్ ఫ్లూ అనుమానం ఉన్న నమూనా అయితే ఆ పని హై సెక్యూరిటీ ల్యాబులోనే చేస్తారు. వైరస్ ఉంటే పిండం ద్రవంలో పెరుగుతుంది, ఆ ద్రవం కోడి ఎర్ర రక్తకణాలను గుచ్ఛాలుగా అతికిస్తుంది. పెరగకపోతే అదే ద్రవాన్ని ఇంకో గుడ్డుకు ఎక్కించి మరోసారి చూస్తారు. పీసీఆర్ గంటల్లో చెప్పేదానికి ఇక్కడ వారం పది రోజులు పడుతుంది, షెడ్డు అన్ని రోజులూ ఖాళీగానే ఉంచాలి.